జంట అమావాస్య లెక్క

మణిశంకర్ సిద్ధాంతి గారి సంచిలో పంచాంగం పక్కన ఎప్పుడూ ఒక దెయ్యాల నవలో, డిటెక్టివ్ నవలో ఉంటుందంటే కొత్తవాళ్ళు నమ్మరు. రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలో ముహూర్తాలు పెట్టడానికి ఆయన పెట్టింది పేరు. గోచీ పోసి కట్టిన పంచె, నుదుట విభూతి, మనిషి చూస్తే నిదానం. కానీ పెళ్ళిళ్ళలో మంగళసూత్రం అయ్యాక ఫోటోలవాళ్ళు వధూవరుల్ని అటు తిప్పీ ఇటు తిప్పీ పెట్టే ఆలస్యం ఉంటుంది చూడండి, ఆ కాస్త సేపట్లో ఆయన హోమగుండం పక్కనే కూర్చుని నాలుగు పేజీలు తిప్పేస్తారు. చూసినవాళ్ళు మంత్రాల పుస్తకం అనుకుంటారు.

చదివి ఊరుకునే రకం కూడా కాదు. బ్యాంకులో పనిచేసే మురళీకృష్ణ అనే ఆయన నడిపే పాఠకుల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అటు తుని నుంచి ఇటు కొవ్వూరు దాకా మూడు వందల మంది ఉంటారు అందులో. వాళ్ళంతా ఆదివారం పొద్దున్న సిద్ధాంతి గారి అభిప్రాయం కోసం ఎదురుచూస్తారు. ఒక డిటెక్టివ్ నవల మీద ఆయన ఇలా రాశారు: "హంతకుడెవరో నలభయ్యో పేజీలోనే తెలిసిపోయింది. ఊళ్ళో అందరికీ ఏదో పని ఉంది, ఆ పెద్దమనిషికి మాత్రం లేదు. పనిలేని మనిషికి రచయిత ఊరికే తిండి పెట్టి పోషించడు కదా." ఇంకో దెయ్యాల నవల గురించి, దెయ్యం వచ్చేదాకా భయమేసింది, వచ్చాక అది చెప్పుకున్న కష్టాలు విని జాలేసింది, మళ్ళీ భయపడటం నా వల్ల కాలేదు అని రాశారు. గుప్తనిధుల నవలొకటి వస్తే, తాళపత్రం చదవడానికి ముగ్గురు ప్రొఫెసర్లు అంత తంటాలు పడ్డారు గానీ తీరా చూస్తే అందులో ఉన్నది నాలుగో తరగతి తెలుగేనని తేల్చేశారు.

అన్నిటికంటే ఆయన పట్టు చంద్రుడి దగ్గర. నవలలో ఎక్కడైనా వెన్నెల కాసిందంటే చాలు, ఆ రోజు తిథి ఏంటో చూడనిదే ఊరుకోరు. ఒక రచయిత హత్య జరిగిన తేదీ, సంవత్సరం కూడా ఇచ్చాడు పాపం. సాక్షి అర్ధరాత్రి వెన్నెల్లో హంతకుడి మొహం చూశానంటాడు. సిద్ధాంతి గారు అటక మీంచి ఆ ఏటి పంచాంగం దింపి, ఆ రోజు కృష్ణపక్షం త్రయోదశి, చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు అని తేల్చి, "ఈ లెక్కన సాక్షి అబద్ధమాడాడు, ఆ సంగతి రచయితకి తెలీదు" అని రాశారు. అప్పట్నుంచి గ్రూపులో ఆయనకి వెన్నెల సిద్ధాంతి అని పేరు. ఆ పేరంటే ఆయనకి లోపల గర్వమే.

సైన్సు నవలల జోలికి మాత్రం ఆయన వెళ్ళేవారు కాదు. యంత్రాలెక్కువ, మనుషులు తక్కువ అని ఆయన ఫిర్యాదు. అలాంటిది, పోయిన మాఘమాసానికి ముందు మురళీకృష్ణ ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు. పేరు 'కవల చంద్రుల సీమ'. రాసినావిడ పేరు సుప్రియ, ఇదే మొదటి నవల. అట్ట మీద నది, నది మీద ఒక పెద్ద చంద్రుడు, పక్కనే ఒక చిన్న చంద్రుడు. మీకు ఒక చంద్రుడితోనే ఇంత పేచీ, ఇద్దరుంటే ఏం చేస్తారో చూద్దామని మురళీకృష్ణ నవ్వాడు. ఆ మాట మీదే సిద్ధాంతి గారు పుస్తకం తీసుకున్నారు.

మధ్యాహ్నం భోంచేసి వరండాలో మడతకుర్చీ వేసుకుని మొదలుపెట్టారు. కథ ఎక్కడో దూరాన, ఇంకో సూర్యుడి చుట్టూ తిరిగే ఒక నేల మీద జరుగుతుంది. ఇక్కణ్ణుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ తరాలుగా స్థిరపడిపోయారు. మన భూమిని పాత నేల అంటారు. వరి పండిస్తారు, నదిలో చేపలు పడతారు, పోయినవాళ్ళకి దీపం పెడతారు. వాళ్ళకి ఇద్దరు చంద్రులు. పెద్దవాడు పెద్దమామ, చిన్నవాడు చిన్నమామ. పెద్దమామ ఇరవైనాలుగు రోజులకోసారి మాయమవుతాడు, చిన్నమామ తొమ్మిది రోజులకోసారి. డెబ్భై రెండు రోజులకోసారి ఇద్దరూ కలిసి మాయమవుతారు. దాన్ని ఆ ఊరివాళ్ళు జంట అమావాస్య అంటారు.

సిద్ధాంతి గారు అక్కడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆగిపోయారు. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉన్న ఎడం. ఆ ఎడాన్ని కొలిచే ఆయన ఇంతకాలం బతికారు. చంద్రులిద్దరైతే ఒకే పూట తిథులు రెండు నడుస్తాయి. పెద్దమామకి పౌర్ణమి అయిన రాత్రి చిన్నమామకి విదియో తదియో కావచ్చు. బిడ్డ పుడితే ఏ చంద్రుడి నక్షత్రం చూడాలి? మనిషి పోతే ఏ తిథికి ఆబ్దికం పెట్టాలి? పుట్టినప్పట్నుంచీ ఇంట్లో ఉన్న మనిషి అపరిచితుడిగా కనిపించినట్టు, ఈ ప్రశ్నలతో ఆయనకి తన శాస్త్రమే కొత్తగా కనిపించింది. చంద్రుడు ఒక్కడే అవడం అనేది రాసిపెట్టి ఉన్న సంగతి కాదనీ, ఇంకోలా కూడా ఉండొచ్చనీ ఆయనకి అంతవరకూ తోచనే లేదు.

సాయంత్రం భార్య శ్రీదుర్గ స్కూలు నుంచి వచ్చింది. ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. కాళ్ళు కడుక్కోనివ్వకుండానే ఆయన ఈ సందేహాలన్నీ ఆవిడ ముందు పెట్టారు. ఇద్దరు చంద్రులకీ విడివిడిగా ఏకాదశులుంటే ఉపవాసం దేనికుండాలి అనడిగారు.

"రెండిటికీ ఉంటే మీరు మనిషి మిగలరండీ" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన తెల్లకాగితాలు తీసుకుని కవల చంద్రుల సీమకి పంచాంగం గుణించడం మొదలుపెట్టారు. రచయిత్రి అక్కడక్కడా వదిలిన వివరాలన్నీ ఏరారు. ఫలానా రోజు కోతలు, ఫలానా రోజు పెళ్ళి, ఆ రోజు ఆకాశంలో పెద్దమామ సగం, చిన్నమామ నిండుగా. ప్రతిదీ సరిపోయింది. ఆవిడ ఎక్కడా లెక్క చెప్పలేదు, ఆకాశాన్ని మాత్రం చెప్పింది. ఆ ఆకాశం వెనక లెక్క ఉంది. ఇలాంటి రచయిత ఇంతకాలానికి దొరికిందని ఆయన పొంగిపోయారు. ముహూర్తాల కోసం వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మరీ ఆ పుస్తకం గురించి చెప్పారు.

తీరా పదకొండో అధ్యాయంలో దెబ్బ తగిలింది.

నవలలో సూరమ్మ అని ఒక ముసలావిడ ఉంటుంది. ఆవిడ భర్త ఒక జంట అమావాస్యకి నదిలో పోయాడు. అప్పట్నుంచీ ప్రతి జంట అమావాస్యకీ రేవు మెట్ల మీద దీపం పెడుతుంది. ఊళ్ళో అందరూ యంత్రం చెప్పే తేదీ చూసుకుంటారు, ఆవిడ మాత్రం ఆకాశాన్నే చూసుకుంటుంది. పదకొండో అధ్యాయంలో ఆవిడ మెట్ల మీద కూర్చుని తలెత్తి చూస్తే చిన్నమామ లేడు. పెద్దమామ ఇంకా గోటిముక్కంత మిగిలే ఉన్నాడు. ఆవిడ దీపం వెలిగించి, "ఈసారి నువ్వు ముందే వచ్చావు" అని భర్తతో అంటుంది. అధ్యాయం అయిపోతుంది.

సిద్ధాంతి గారు కాగితాలు ముందేసుకుని రెండుసార్లు గుణించారు. ఇద్దరూ ఒకేసారి మాయమవ్వాల్సిన రోజుకి చిన్నమామ రెండు రోజులు ముందే మాయమైపోయాడు. కుదరదు. ఇంత శ్రద్ధగా రాసిన మనిషి ఇక్కడ పొరబడింది. ఆయనకి బాధేసింది, ఆ బాధలో కాస్త సరదా కూడా ఉంది. ఇంకా నూరు పేజీలు మిగిలుండగానే ఫోను తీసుకుని గ్రూపులో రాసేశారు. నవల మహాద్భుతం, ఇలాంటిది తెలుగులో నేను చదవలేదు, అయితే పదకొండో అధ్యాయంలో రచయిత్రి జంట అమావాస్య తప్పింది, రెండు రోజుల తేడా, ఇదిగో లెక్క అని కాగితం ఫోటో కూడా పెట్టారు. పూర్తిగా చదివాక రాయొచ్చు కదా అని శ్రీదుర్గ అననే అంది. తప్పు ఎక్కడున్నా తప్పేనన్నారు ఆయన.

గ్రూపులో నవ్వులే నవ్వులు. వెన్నెల సిద్ధాంతి పరాయి లోకం చంద్రుణ్ణి కూడా వదల్లేదని ఎవరో రాశారు. గంట గడిచాక ఎవరూ ఎరగని ఒక నంబరు నుంచి జవాబు వచ్చింది. ఆ సుప్రియ కూడా గ్రూపులో ఉందనీ, ఎప్పుడూ నోరు విప్పలేదనీ అప్పుడు తెలిసింది.

"నమస్కారం సిద్ధాంతి గారూ. మీ లెక్క సరిగ్గా ఉందండి. దయచేసి చివరిదాకా చదవండి."

అంతే. లెక్క సరిగ్గా ఉంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా, మళ్ళీ చివరిదాకా చదవడమేంటి అనుకుంటూ ఆయన మర్నాడు మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నారు.

పదహారో అధ్యాయంలో ఊరి సభ జరుగుతుంది. సూరమ్మ లేచి, చిన్నమామ దగ్గరికి వస్తున్నాడని చెబుతుంది. దగ్గరయ్యేకొద్దీ త్వరగా తిరుగుతున్నాడు, మొదట్లో పూట తేడా, తర్వాత రోజు, మొన్న రెండు రోజులు. నా దీపం ఏటేటా ముందుకు జరుగుతోంది అంటుంది. సభలో కుర్రకారు యంత్రం చూసి అలాంటిదేమీ లేదంటారు. యంత్రంలో ఉన్నది తాతల నాడు వేసిన లెక్క. ఆ లెక్కే తేదీలు చెబుతోంది గానీ తలెత్తి చూసినవాడు లేడు. ఒక పెద్దమనిషి సూరమ్మతో, అమ్మా, నీకు చూపు ఆనడం లేదు, నువ్వే తప్పు రోజున దీపం పెట్టావు అంటాడు.

ఆ వాక్యం సిద్ధాంతి గారు మళ్ళీ చదివారు. అది తను గ్రూపులో రాసిన మాటే. మాటలు వేరు, అర్థం అదే. నవల అచ్చయింది నిరుడు, ఆయన రాసింది నిన్న.

ఆయన వెనక్కి తిప్పారు. రెండో అధ్యాయంలో సూరమ్మ దీపం సరిగ్గా జంట అమావాస్యకే ఉంది. ఆరో అధ్యాయంలో దీపం దగ్గర ఒకే ఒక్క వాక్యం, అప్పుడు చూడకుండా దాటిపోయారు. గుణిస్తే రోజు తేడా. పదకొండులో రెండు రోజులు. ఆకాశం జరిగిపోతున్న సంగతి ఆవిడ మూడుసార్లు కళ్ళముందు పెట్టింది. ఆయన చూశారు కూడా. చూసి, ఆకాశాన్ని కాదని పుస్తకాన్ని తప్పుబట్టారు.

మిగతాది ఆయన కుర్చీలోంచి లేవకుండా చదివారు. చిన్నమామ దగ్గరవుతున్నాడంటే నదికి పోటు పెరుగుతుంది. సిద్ధాంతి గారు పుట్టింది కోనసీమలో, గోదావరి సముద్రంలో కలిసే మొగకి దగ్గరి ఊళ్ళో. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కి కాలువ వెనక్కి పారడం చిన్నప్పట్నుంచీ చూసిన సంగతే. ఆ నవలలో, ఇద్దరు చంద్రులూ నిండుగా ఒక వరసలో నిలబడిన పూట, నది వెనక్కి తిరిగి ఊరి మీదకి నడిచి వస్తుంది. చప్పుడు లేకుండా, మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతూ. సూరమ్మ మాట నమ్మిన కొందరు ముందే దిబ్బ మీదకి చేరారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళూ చేరారు. పైనుంచి అందరూ చూస్తూండగా రేవు మెట్లు మునిగాయి, చేలు మునిగాయి, యంత్రం ఉన్న మేడ మునిగింది. నీళ్ళ మీద చిన్నమామ ఎప్పుడూ లేనంత పెద్దగా, గుమ్మంలోకి వచ్చిన చుట్టంలా నిలబడ్డాడు. ఆ వెలుగులో మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

శ్రీదుర్గ వచ్చేసరికి ఆయన ఆ కుర్చీలోనే ఉన్నారు. ఫ్లాస్కులో పోసి వెళ్ళిన కాఫీ అలాగే ఉంది. ఒంట్లో బాగాలేదేమో అనుకుని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"దుర్గా, తప్పు పుస్తకంలో లేదు. ఆకాశంలో ఉంది" అన్నారు.

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన మొదట్నుంచీ చెప్పారు. తను చదువుకున్న రోజుల్లో గురువుగారు బీజసంస్కారం గురించి చెప్పిన మాట కూడా చెప్పారు. ఏ గణితమైనా వందల ఏళ్ళకి ఆకాశంతో తేడా పడుతుందట. అప్పుడు పెద్దలు గ్రహాన్ని తప్పుబట్టలేదు, లెక్కకే చిన్న దిద్దుబాటు చేర్చారు. ఆ దిద్దుబాటు పేరే బీజసంస్కారం. గ్రంథాల్లో దాన్ని వల్లించి మార్కులు తెచ్చుకున్నాననీ, అది నిజంగా ఎదురైన రోజున పోల్చుకోలేకపోయాననీ అన్నారు. ఆయన గొంతులో సిగ్గు కంటే ఎక్కువగా ఏదో సంబరం వినిపించింది ఆవిడకి. ఆ రాత్రి వంటయ్యాక ఆవిడ కూడా పుస్తకం పట్టుకుంది, మర్నాడు బడికి వెళుతూ బస్సులో చదువుకుంటానని సంచిలో వేసుకుపోయింది.

గ్రూపులో ఆయన ఆదివారం దాకా ఆగలేదు. కథ విప్పి చెప్పకూడదు కాబట్టి నాలుగైదు వాక్యాలే రాశారు. పదకొండో అధ్యాయంలో తప్పు లేదు, తప్పంతా నాది, ఎందుకో చెప్పను, చదివితే తెలుస్తుంది, నా లెక్క కాగితం చూసినవాళ్ళు దాన్ని మరిచిపోయి పుస్తకం తెరవండి అని. సిద్ధాంతి గారు ఓడిపోవడం ఎవరూ ఎరగరు. ఆ వారంలో మురళీకృష్ణకి పుస్తకం ఎక్కడ దొరుకుతుందని ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి.

మాఘంలో శుద్ధ దశమినాడు ఆయనకి కొవ్వూరులో గృహప్రవేశం ఉంది. సుప్రియ ఉండేది అక్కడేనని మురళీకృష్ణ చెప్పాడు. రైతుల ఇంటి కోడలు, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. ఫోన్ చేసి వస్తానంటే, తప్పకుండా రమ్మంది. గృహప్రవేశం భోజనాలయ్యాక ఆయన నడుచుకుంటూ వాళ్ళింటికి వెళ్ళారు. ముప్పై ఐదేళ్ళుంటాయేమో ఆవిడకి, సన్నగా, కాస్త బెరుగ్గా ఉంది. కుర్చీ వేసి, మజ్జిగ తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చోవాలా నిలబడాలా తెలియనట్టు నిలబడింది. ఆయన క్షమాపణ చెప్పబోతే ఆవిడ చెప్పనివ్వలేదు.

ఆ చంద్రుల పట్టికలు వేసుకోవడానికే రెండు వేసవి సెలవులు పట్టాయట. అచ్చుకి ముందు ప్రచురణకర్త, ఆ దీపం సంగతి పాఠకులకి అందదు, ఒక పేరా రాసి విప్పి చెప్పమన్నాడట. ఎవరో ఒకరు లెక్క వేస్తారండీ అని ఆవిడ వినలేదు. పుస్తకం వచ్చాక సమీక్షలు కొన్ని వచ్చాయి. ప్రేమకథ పలచగా ఉందన్నారు, ముగింపు తొందరపడ్డట్టుందన్నారు, ముసలావిడ పాత్ర చాదస్తంగా ఉందన్నారు. దీపం ముందుకు జరగడం మీద ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. సభలో సూరమ్మ విప్పి చెప్పాక కూడా వెనక్కి తిరిగి చూసుకున్నవాళ్ళు లేరు. పిచ్చిదానిలా ఎవరికోసం వేశాను ఆ పట్టికలు అనుకుని, రెండో నవలకి రాసుకున్న కాగితాలు అటక మీద పడేసిందట.

"మీరు తప్పని రాశారు కదండీ, నేను అప్పుడు స్టాఫ్ రూములో ఉన్నాను. మీ కాగితం ఫోటో పెద్దది చేసి చూశాను. నా అంకెలే మీ చేతిరాతలో ఉన్నాయి. బయటికి వచ్చి సైకిల్ షెడ్డు దగ్గర నిలబడి ఏడ్చాను" అంది. ఆ తప్పు కనబడాలంటే ఎంత దగ్గరగా చదవాలో నాకు తెలుసునండీ అని కూడా అంది.

సిద్ధాంతి గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. తను ఒక అధ్యాయాన్ని కొట్టేశాననుకున్న చోట ఈ మనిషి నెలల తరబడి తన కోసమే కూర్చుని ఉంది. ఎవరొస్తారో తెలియకుండా దీపం పెట్టుకుని కూర్చుంది.

మాటల్లో సుప్రియ, రెండో నవల మళ్ళీ మొదలుపెట్టాననీ, అందులో మన పంచాంగమే ఉంటుందనీ, ఒకసారి ముందే చూసి పెడతారా అనీ అడిగింది. ఇంకెవరడిగినా ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకునేవారు. ఇప్పుడు తల అడ్డంగా ఊపారు.

"వద్దమ్మా. ముందే తెలిస్తే ఇక నేను చదివేదేముంటుంది? మళ్ళీ నన్ను బోల్తా కొట్టించు" అన్నారు.

ఆవిడ నవ్వింది, అప్పుడు కూర్చుంది. ఆయన వెళ్ళేముందు ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. తను అదంతా ఊరికే ఊహించలేదట. మన చంద్రుడు కూడా కదులుతున్నాడట, దగ్గరికి కాదు, దూరానికి. చంద్రుడి మీద అద్దాలు పెట్టి, ఇక్కణ్ణుంచి వాటి మీదకి వెలుగు పంపి కొలిచారట. ఏడాదికి రెండు వేళ్ళ వెడల్పు మేరకి జరిగిపోతున్నాడట. పాఠంలో ఆ వాక్యం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ పిల్లలు రాసుకుని పేజీ తిప్పేస్తారనీ, తను మాత్రం కాసేపు ఆగిపోతుందనీ చెప్పింది.

ఆయన బస్సుకి వెళ్ళవలసినవారు రేవు వైపు నడిచారు. ఇంకా పొద్దు ఉంది. గోదావరి నిండా పల్చటి ఎండ. నదికి అవతల, రాజమండ్రి మేడలకి బాగా పైన, దశమి చంద్రుడు పగటి వెలుగులో తెల్లగా, నీళ్ళలో తడిపి ఆరేసినట్టున్నాడు. ఆయన ఉదయం సంకల్పంలో ఆ తిథి పేరు చెప్పి వచ్చారు. వేలసార్లు చెప్పిన పేరు అది. కాని ఎప్పుడూ పంచాంగంలో చూసి చెప్పడమే తప్ప, చెప్పాక బయటికి వచ్చి మనిషిని పలకరించినట్టు చూసింది లేదు. రెండు వేళ్ళు ఎత్తి చంద్రుడికి అడ్డంగా పెట్టి చూశారు. ఏడాదికి అంతే. తాతగారి కాలానికీ ఇప్పటికీ చంద్రుడు ఎంత దూరం నడిచి ఉంటాడో మనసులో గుణించబోయి, మధ్యలో లెక్క వదిలేశారు. వంతెన మీద రైలు పోతున్న చప్పుడు వచ్చి, పోయింది. మెట్ల మీద బట్టలు ఉతుకుతున్న ఒకావిడ, పంతులు గారు ఏం చూస్తున్నారా అని తనూ తలెత్తి చూసింది.